పిలిచినాయన ముందే వచ్చి కూసుంటడు

మా మేనత్త పోయిందన్న కబురు ఆదివారం పొద్దున దబీర్‌పురా నుంచి వచ్చింది. తెచ్చినవాడు ఆమె ఎదురింట్లో బర్రెలు పెట్టుకున్న పాలాయన. గడపలో నిలబడి ఆయన చావు మాట ముందుగా ఎత్తలేదు.

"అమ్మా, మీ అత్తమ్మ తయారై కూసున్నది. తెల్లచీర కట్టింది, చెప్పులు తొడిగింది, తలుపు దిక్కే చూస్తున్నది. ప్రార్థనకు పోతున్నవా అక్కా అని అడిగిన. పలుకలే."

అంతకు ముందు నెల రోజులుగా ఆమె మంచం మీద తనంతట తాను ఒత్తిగిలలేదు. ఆ చీర ఎవరు కట్టారో రాత్రిళ్లు ఆమెకు తోడు పడుకునే పాలాయన భార్యకు తెలియదు, నాకూ తెలియదు. ఆఖరి ఘడియలో ఒంట్లోకి బలం వస్తుందంటారు. చదువుకున్నదాన్ని కనుక ఆ మాటనే పట్టుకోవాలని చూస్తున్నాను. పట్టు చిక్కడం లేదు.

తల్లి లేని నన్ను పెంచి, మద్రాసు పంపి బి.ఏ. చదివించింది ఆమే. వేళ తప్పడమంటే ఆమెకు అబద్ధమాడడంతో సమానం. పురానాపూల్ దగ్గరి మా చిన్న ప్రార్థన మందిరంలో గంట మోగకముందే తన చోట కూర్చుని ఉండేది. లోకవ్యవహారాల్లోనూ అంతే. పాలాయన కూతురి పెళ్లికి వెళితే పందిరి ఇంకా వేస్తూనే ఉన్నారట.

"పెండ్లిపిల్ల ఇంక తానం గూడ చెయ్యలే అక్కా. యముడన్న జర ఆగుతడేమో గని నువ్వు ఆగవు" అన్నాడు పాలాయన.

"గాయిన కన్న ముందే పోయి కూసుంటలే" అని నవ్విందట.

ప్లేగు వచ్చిన ఏడు నేను ఆమె దగ్గరే ఉండి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. జనమంతా ఊరి బయట గుడిసెల్లోకి తరలిపోయారు. పాస్టరుగారు కూడా వాళ్లతో వెళ్తూ మందిరం తాళంచెవి ఆమెకిచ్చారు. ఆదివారం గడిచాక మేమూ పోదామని ఆమె పట్టు. ఆ పొద్దున గల్లీలో ఏ ఇంటా పొయ్యి పొగ లేదు. పాలాయన బర్రెలను తోలుకుపోతూ మమ్మల్ని చూసి ఆగాడు.

"గాడ ఎవ్వరున్నరక్కా? గబ్బిలాలకు చదివి ఇనిపిస్తవా?"

"అవి గూడ ఆయినయే గద. జర దారియ్యి, ఆలిస్యమైతున్నది."

"ఎవరూ రారు గద అత్తమ్మా, ఇంక ఆలస్యమేంది?" అన్నాను నేను.

"పిలిచినాయన ముందే వచ్చి కూసుంటడు బిడ్డా. ఆయిన్ని ఒక్కన్ని కూసుండబెడ్తమా?"

మందిరంలో ఎలుకలు చచ్చిన వాసన. ఆమె బైబిల్లో కీర్తన తీసి ఒక వచనం చదివి, సంఘం జవాబుగా చదవాల్సిన వచనం దగ్గర ఆగింది. నేను చదవాలి. తల వంచుకుని కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగలేదు. ఖాళీ బల్లల దిక్కు చెవి పెట్టి, నిండు సంఘం చదవడానికి పట్టేంతసేపు ఆగి, తల ఊపి తర్వాతి వచనం అందుకుంది. ప్రతి వచనానికీ అంతే. నాకేమీ వినబడలేదు. కాని చివరికొచ్చేసరికి, ఆ నిశ్శబ్దం ఎక్కడ ముగుస్తుందో ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోతోంది.

తిరిగివస్తూ అడిగాను, "నీకు ఏమన్న వినబడ్డదా అత్తమ్మా?"

"నన్నడుగుతున్నవా? నేను చదువకముందే నువ్వు తలకాయ ఎత్తింది చూడలేదనుకున్నవా?"

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను మందిరానికి వెళ్లలేదు. ఆమె ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. మంచం పట్టాక మాత్రం ఒకటే అడిగింది. "నా జాగల నువ్వు పోయి కూసో బిడ్డా."

"నమ్మకం లేకుండ ఎట్ల పోవాలె?"

"టైముకు పో. నమ్మకం ఎనక నడుచుకుంట వస్తది. దానికి జర ఆలిస్యమైతది."

నేను మాటివ్వలేదు. అబద్ధపు మాట ఆమెకివ్వడం ఇష్టం లేకపోయింది. ఆమె కూడా రెట్టించలేదు, నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి ఆదివారం వెళ్లాను. నమ్మి వెళ్లానని మీతో చెప్పలేను. ఆమె లేని చోట ఎవరో ఒంటరిగా కూర్చుని ఉంటారేమోనన్న ఆలోచన నన్ను ఇంట్లో నిలవనివ్వలేదు. అందరికన్నా ముందు చేరి ఆమె చోట కూర్చున్నాను. బయట ఆకు కూడా కదలడం లేదు. అయినా వాకిలికి వేలాడే మందపాటి పరదా, మనిషి భుజమెత్తున లోపలికి ఉబ్బింది. లోపలికి రావాలా వద్దా అని ఎవరో తటపటాయిస్తున్నట్టు అలాగే నిలిచింది.

నేను బల్ల మీద కొంచెం పక్కకు జరిగాను.