దుప్పటి కప్పిన బండి

మస్కట్‌లో విమానం దిగేసరికి ఉదయం ఆరున్నర. ముప్ఫై ఆరు డిగ్రీలు. మాది సరుకుల విమానం, సరుకుల్లో మేమూ ఉన్నాం. అల్ అమెరాత్ దాటి కొండల్లోకి రెండు గంటలు ట్రక్కులో ఊగాక శిబిరం వచ్చింది. ఎండిన వాగు, దాన్ని అక్కడ వాదీ అంటారు. రెండు వైపులా గోధుమరంగు కొండలు. పద్దెనిమిది గుడారాలు. మూడు చెట్లు. మూడింటి కిందా అప్పటికే ఆఫీసర్లున్నారు.

ఒమన్ సైన్యంతో కలిసి పద్నాలుగు రోజుల సాధన. యుద్ధం కాదు. ఈ మాట చెప్పగానే మా తెనాలిలో వినేవాళ్ల ముఖాలు వాలిపోతాయి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ చావలేదు. ఒకడికి విరేచనాలయ్యాయి, అంతే.

నేను బండ్ల మెకానిక్‌ని. అంతకుముందు రెండు చలికాలాలు ఉత్తరాన, పదహారు వేల అడుగుల ఎత్తులో మంచు స్కూటర్లు చూసుకున్నాను. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మనం. మంచులో అంత అనుభవం ఉన్నవాడు కాబట్టి సైన్యం నన్ను ఎడారికి ఎంపిక చేసింది.

నాకు జోడీగా వచ్చిన రెండో మెకానిక్‌ది హిమాచల్. నాకంటే రెండంగుళాలు పొడుగు. వాడి మీసం చెప్పిన మాట వినేది. ఎక్కడ పడుకున్నా రెండు నిమిషాల్లో గురక పెట్టేవాడు. ఇవేవీ నేరాలు కావు. నేను మాత్రం లెక్క పెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ఎందుకంటే మా ఇద్దరిదీ నాలుగేళ్ల సర్వీసు. ఇంకో ఏడు నెలల్లో ముగుస్తుంది. మా వర్క్‌షాపులో ఒక్కరినే శాశ్వతంగా ఉంచుకుంటారని మా హవల్దార్ చెప్పాడు. ఒమన్ నుంచి మా కెప్టెన్ రాసే రిపోర్టు ఆ ఫైల్లో చేరుతుంది. అందుకని ఆ పద్నాలుగు రోజులూ నా శత్రువు పక్క మంచంలోనే ఉన్నాడు.

గాయపడినవాళ్లను కొండ దింపడానికి మాకు నాలుగు చక్రాల బైకులు రెండు ఇచ్చారు. పాతవి, కార్బురేటర్ రకం. తలా ఒకటి. మొదటి రోజు ఉదయం రెండూ ఒక్క నొక్కుకే స్టార్టయ్యాయి. ఇరవై నిమిషాలు తిప్పి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ నొక్కాం. వాడిది లేచింది. నాది లేవలేదు. నలభై నిమిషాలు చల్లారాక, ఏమీ జరగనట్టు లేచింది.

ఈ జబ్బు నాకు పాత పరిచయమే. మంచు స్కూటర్ అచ్చం ఇలాగే చేసేది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క గుంజుకే లేచేది, వేడి మీద ఆపితే మొండికేసేది. ఒకసారి దాన్ని నాలుగు కిలోమీటర్లు తోశాం. తప్పు ఎత్తుదని రాసుకున్నాం. ఎత్తు ఎదురు చెప్పదు కదా.

ఒమన్‌లో ఎత్తు లేదు. వరసగా ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను. రెండో రోజు స్పార్క్ ప్లగ్ మార్చాను. మూడో రోజు పెట్రోల్ ఫిల్టర్ విప్పాను, ట్యాంక్ మూత గాలి రంధ్రం ఊదాను. నాలుగో రోజు వాడు టీకి వెళ్లినప్పుడు వాడి బండి కాయిల్ పీకి నా బండికి, నాది వాడి బండికి పెట్టాను. దీన్ని మెకానిక్కులు పరీక్ష అంటారు. మామూలు జనం దొంగతనం అంటారు. ఫలితం: వాడి బండి నా కాయిల్‌తో కూడా లేచింది. నా బండి వాడి కాయిల్‌తో కూడా లేవలేదు.

"ఏం మంత్రం వేస్తావ్ దీనికి?" అన్నాను. మా మాటలన్నీ హిందీలోనే.

"ఏమీ చేయను భాయ్. ఆపుతాను. టీకి పోతాను."

అది నిజమని నేను నమ్మలేదు.

ఐదో రోజు కెప్టెన్ తనిఖీకి వచ్చాడు. నా బండి ఇంజన్ చుట్టూ దుప్పటి కప్పి, తాడుతో బిగించి ఉంది. మంచు పోస్టులో అది ఆర్డర్: బండి ఆపిన నిమిషంలో ఇంజన్‌కి బొంత కప్పాలి, గడ్డకట్టకుండా. రెండు చలికాలాలు చేసి చేసి చేతికి అలవాటైపోయింది. ఒమన్‌లో బొంత లేదు, దుప్పటుంది. మంచు లేదు, దుమ్ముంది. నా దృష్టిలో పెద్ద తేడా లేదు.

కెప్టెన్ ఆ ముడి చూశాడు. "దుమ్ము పోకుండానా? శభాష్. ఆఖరి రోజు అతిథులొస్తారు. రెండు బండ్లూ ఇలాగే ఉండాలి." జేబులోంచి పుస్తకం తీసి నా పేరు రాసుకున్నాడు. నేను ఆ అక్షరాలన్నీ తలకిందులుగా చదివాను.

ఆరో రోజు నీళ్ల ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్‌ది జగిత్యాల. శిబిరంలో తెలుగు వినిపించే మనిషి ఆయనొక్కడే. పైపు తొట్టిలో పడేసి నా బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, బండికి జొరమొచ్చిందా?"

"ఏంటన్నా?"

"గంత ఉడుకుతున్న ఇంజన్‌కు దుప్పటి కప్పినవ్. గోలి గూడ ఏసినవా?"

"దుమ్ము పడకుండా అన్నా."

"దుమ్ము సంగతేమో గని, లోపల పెట్రోల్ మసులుతది. ఇసుకల కిరాయి బండ్ల కాడ మూడేండ్లు పని జేసిన నేను. ఆపినంక గాలి ఆడనియ్యాలె. ఆడనియ్యకుంటే కార్బురేటర్ల పెట్రోల్ పొంగి ఇంజన్ల పడ్తది. మస్తు తాగినోడు లేపంగనే లేస్తడా?"

"నేను ఆర్మీ మెకానిక్‌ని అన్నా."

"గందుకే గద, దుప్పటి గంత మంచిగ మడిచినవ్."

తాడు విప్పించాడు. "చోక్ ముట్టకు. యాక్సిలరేటర్ నిండ ఒత్తిపట్టి సెల్ఫ్ కొట్టు. తాగిందంత కక్కుతది." ఏడు సెకన్లు తిప్పాను. నల్లటి పొగ కక్కి లేచింది. తర్వాత దుప్పటి లేకుండా మూడుసార్లు వేడి మీద ఆపి చూశాను. మూడుసార్లూ ఒక్క నొక్కుకే.

సంతోషం ఒక నిమిషం ఉంది. ఆ తర్వాత మంచు స్కూటర్ గుర్తొచ్చింది. పాపం, దాని తప్పేమీ లేదు. ఊపిరాడకుండా బొంత కప్పి, అది లేవడం లేదని నాలుగు కిలోమీటర్లు తిట్టుకుంటూ తోశాం. ఇంకో సంగతి కూడా తెలిసింది. నా జోడీ దగ్గర మంత్రం ఏమీ లేదు. వాడు దుప్పటి కప్పడానికి బద్ధకించాడు. మూడేళ్లు మెకానిక్ పని చేసిన నన్ను వాడి బద్ధకం ఓడించింది.

ఇక కెప్టెన్ దగ్గరికి వెళ్లి, "సాబ్, ఆ దుప్పటి తప్పు" అనాలి. అంటే పుస్తకంలో నా పేరు కొట్టేస్తాడు. రేపు చెబుదామనుకున్నాను. అలా ఎనిమిది రేపులు గడిచాయి.

ఆ ఎనిమిది రోజుల్లో నా జోడీ పది అరబ్బీ మాటలు నేర్చుకున్నాడు. ఒమన్ సైనికులు వాణ్ణి "అఖీ" అని పిలిచేవాళ్లు, అంటే సోదరుడా అని. నన్ను "మెకానిక్" అనేవాళ్లు. వాడికి హల్వా డబ్బా ఇచ్చారు. నాకు రెంచీ తిరిగిచ్చారు. పన్నెండో రోజు కెప్టెన్ ఆఖరి ప్రదర్శనకు వాణ్ణి ఎంచుకున్నాడు. నేను గట్టు మీద, అదనపు బండితో, రేడియోతో.

"నేనెందుకు కాదు సాబ్?"

"వాడి బండి ఎప్పుడూ స్టార్టవుతుంది."

పదమూడో రోజు సాయంత్రం నా జోడీ దుప్పటి పట్టుకుని వచ్చాడు. "భాయ్, రేపు ఇది కప్పాలట. ముడి నీలా రావట్లేదు. నేర్పుతావా?"

నేర్పాను. రెండుసార్లు కట్టి చూపించాను. ముడి గురించి అంతా చెప్పాను. దుప్పటి గురించి ఏమీ చెప్పలేదు.

పద్నాలుగో రోజు. ఉదయం తొమ్మిదీ పది నిమిషాలు. నలభై ఒక్క డిగ్రీలు. గట్టు మీద రెండు దేశాల ఆఫీసర్లు, కుర్చీలు, నిమ్మరసం. రేడియోలో వాడి పేరు పానా ఒకటి, నాది పానా రెండు. స్ట్రెచర్ మీద గాయపడినవాడిగా ఒక ఒమన్ సైనికుడు. పది గంటలకల్లా అతన్ని గట్టు కింది గుడారానికి చేర్చాలి. తొమ్మిది ముప్ఫై ఒకటికి వాదీ మధ్యలో ప్రథమ చికిత్స కోసం ఆగారు. ఇంజన్ బంద్. వాడు దుప్పటి కప్పాడు. ముడి చక్కగా వచ్చింది. పది నిమిషాల తర్వాత విప్పి, నొక్కాడు. లేవలేదు. మళ్లీ నొక్కాడు. గాయపడినవాడు లేచి కూర్చుని ఖర్జూరం తింటున్నాడు.

తొమ్మిది నలభై మూడు.

"పానా రెండు, పానా ఒకటి. వేడి మీద లేవట్లేదు. మొదట్లో నీ బండి ఇలాగే చేసేది కదా, ఏం చేశావ్? ఓవర్."

నా దగ్గర బైనాక్యులర్ ఉంది. పక్కనే కెప్టెన్ ఉన్నాడు. సమాధానం చెబితే, అది నాకు ముందే తెలుసని ఆయనకు తెలుస్తుంది. చెప్పకపోతే వాడి బండి అక్కడే ఉంటుంది, అందరూ చూస్తుండగా. నేను చేయాల్సింది ఏమీ లేదు. ఏమీ చేయకపోవడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది.

"పానా రెండు, వినిపిస్తోందా? ఓవర్."

"రేడియో చెడిందా?" అన్నాడు కెప్టెన్.

"లేదు సాబ్."

ఇరవై ఐదు సెకన్లు. తర్వాత బటన్ నొక్కాను.

"పానా ఒకటి, చోక్ ముట్టుకోకు. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టు. పొగ వచ్చేదాకా వదలొద్దు. ఇంకెప్పుడూ దుప్పటి కప్పకు. ఓవర్."

పొగ ముందు కనిపించింది, చప్పుడు తర్వాత వినిపించింది. తొమ్మిది యాభై ఎనిమిదికి వాడు గుడారం చేరాడు. కుర్చీల్లో చప్పట్లు.

కెప్టెన్ చప్పట్లు కొట్టలేదు. "ఎప్పటినుంచి తెలుసు?"

"ఆరో రోజు నుంచి సాబ్."

జేబులో చెయ్యి పెట్టాడు. పుస్తకం తీయలేదు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండేది, ఊరికొచ్చి చెప్పుకోవడానికైనా పనికొచ్చేది.

తిరుగు ప్రయాణంలో నా జోడీ పక్కనే కూర్చున్నాడు. కెప్టెన్ వాడికి ఏమీ చెప్పలేదని అర్థమైంది, ఎందుకంటే వాడు హల్వా డబ్బా నా ఒళ్లో పెట్టాడు. "నువ్వు లేకపోతే నా పని అయిపోయేది భాయ్." సగం డబ్బా తిన్నాను. చాలా బాగుంది. దాని మీద కూడా కుళ్లుకున్నాను.

ఏడు నెలలకు జాబితా వచ్చింది. వాడు ఉన్నాడు. నేను తెనాలి వచ్చేశాను. ఇక్కడ స్కూటర్లు బాగుచేస్తున్నాను, మంచువి కాదు. నాకు ముందే తెలుసన్న సంగతి వాడికి ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, వేడి మీద మొండికేసే బండ్ల గురించి సలహా అడుగుతుంటాడు. చెబుతుంటాను, ఆలస్యం చేయకుండా.

ఆ ఇరవై ఐదు సెకన్లు వాడు ఇంజన్ వైపు చూడలేదు. బైనాక్యులర్ గుండ్రంలో వాడొక్కడే ఉన్నాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, రేడియో చెవికి ఆనించి, నేనున్న గట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. అంత దూరం నుంచి నేను కనిపించను. అయినా సరిగ్గా నా వైపే చూస్తున్నాడు, తొందర లేకుండా, నేను చెప్పబోతున్నానని తెలిసినవాడిలా.