అత్తకు వచ్చిన ఇంగ్లీషు

ప్యాంట్ల అంచులు కుదించి, జిప్పులు మార్చి బతికే ఆ దర్జీ ఆవిడను అందరూ బొంతలక్క అనేవారు. దేశంకాని దేశం వచ్చిన కొత్తలో నోరు పెగలక తను పడ్డ అగచాట్లు ఆమె మరిచిపోలేదు. అందుకే శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ వెనకగదిలో, కొత్తగా వచ్చిన ఆడవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని పాత గుడ్డ పీలికలతో బొంతలు కుట్టించేది. సూది కావాలన్నా, దారం కావాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. చేతులు పనిలో పడితే నాలుకకు సిగ్గు తగ్గుతుందని ఆమె నమ్మకం.

ఆ గదికి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. వాళ్లదీ బొంతలక్క భాషే. ఇంగ్లీషు అవసరం కోడలిది. నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే పసిపిల్లల బడిలో ఆయా పని ఇస్తామన్నారు. అత్త ఊరికే తోడొచ్చింది. తీరా చూస్తే కోడలు తల వంచుకుని గుడ్డతో చెప్పుకున్నట్టు గొణిగేది. అత్త మాత్రం తప్పో ఒప్పో గడగడా అనేసేది. "గివ్ మీ రెడ్. నాట్ దిస్ రెడ్. గుడ్ రెడ్" అంటే గదంతా నవ్వులే. బస్సు డ్రైవరుకు గుడ్ మార్నింగ్ చెప్పి, అతను బదులు చెప్పేదాకా మెట్టు దిగేది కాదట. ఇంటికెళ్లాక కోడలిని కూర్చోబెట్టి, "పళ్లూడిన నోటికే పట్టుబడింది, నీకేం రోగమే?" అంటూ ఆ ఇంగ్లీషు ముక్కలే మళ్లీ మళ్లీ అనిపించేదట. ఈ సంగతి కోడలే నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూసి, ఈ పిల్ల గట్టెక్కుతుందనుకుంది బొంతలక్క.

చలి ముదిరిన రోజుల్లో, ఒక పొద్దున అత్త వంటింట్లో కూలబడిపోయింది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. కోడలు అంబులెన్సుకు ఫోను చేసింది కానీ చిరునామా చెప్పలేకపోయింది. ఫోను అక్కడే పడేసి ఇరుగుపొరుగు తలుపులు బాదింది. బండి వచ్చేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి, మాట పోయాయి.

ఆసుపత్రి వరండాలో కోడలు గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇల్లెక్కడో చెప్పడం నాకు వచ్చక్కా. మీరైతే నా నోట మాట వచ్చేదాకా ఆగేవాళ్లు. ఫోనులో ఆ మనిషి ఆగలేదు."

ఆ మాట బొంతలక్కకు ముల్లులా గుచ్చుకుంది. మరుసటి వారం గుడ్డలు బీరువాలో పెట్టేసింది. ఒక్కొక్కరి చేతికీ ఫోనిచ్చి, ఇల్లు తగలబడుతోందనుకో, చెప్పు, తొందరగా చెప్పు అని గద్దించింది. ఆడవాళ్లు బిక్కచచ్చిపోయారు. ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. వారం వారం ఒకరిద్దరు చొప్పున రావడం మానేశారు. గది ఖాళీగా ఉంటోందని లైబ్రరీ వాళ్లు దాన్ని ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆయా పని కూడా చెయ్యిజారింది. కోడలు అత్తకు సేవ చేస్తూ ఇంటిపట్టునే ఉండిపోయింది. కనీసం ఈ ఒక్క పిల్లకైనా నేర్పాలని బొంతలక్క వాళ్లింటికి వెళ్లింది. కోడలు గుమ్మంలోనే ఆపి గొంతు తగ్గించింది.

"వద్దక్కా. ఇంగ్లీషు చెవిన పడితే చాలు, అత్తయ్య ఏడుస్తోంది."

బొంతలక్క చప్పుడు కాకుండా గుమ్మం దిగింది.