చున్నీ మడతలో నీలం

ఏళ్లుగా మోస్తున్న బరువిది. మీకు చెబుతున్నాను, మీరు నన్ను గుర్తుపట్టలేరన్న ధైర్యంతోనే. ఇప్పటికీ ఎవరైనా చేతులు చూపించమంటే పిడికిళ్లు బిగించేస్తాను. గోరింటాకు పెట్టే పిల్ల అడిగినా సరే.

కాజీపల్లిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో డ్రమ్ముల మీద నంబర్లు వేయడం నా పని. పెయింటు ఆరిందో లేదో ఉంగరం వేలు ఆనించి చూశాకే డ్రమ్మును లోడింగుకు పంపాలి. రిజ్వానా నాకంటే చిన్నది, రంగు పొడి కలిపే దగ్గర పని. గ్లౌజులు వేసుకున్నా తన గోళ్ల చుట్టూ నీలం పోయేది కాదు. బొమ్మల పిచ్చి తనదే. ఆదివారం వస్తే ముత్తంగిలో బస్సెక్కించి నన్ను సిటీకి లాక్కెళ్లేది. మ్యూజియంలోనైనా, చిత్ర ప్రదర్శనలోనైనా ఒక్కో బొమ్మ ముందు కాళ్లు పీకేదాకా నిలబెట్టేది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత తర్వాత ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

ఆ రోజు ఎవరో కొత్త చిత్రకారిణి ప్రదర్శన. పెద్ద చెరువు బొమ్మ. మందంగా పూసిన నీలం, ఇంకా తడిగా మెరుస్తోంది. రిజ్వానా పక్క బొమ్మ చూస్తోంది. నా వేలు వెళ్లి ఆనింది. ఎందుకు? చెడ్డ ఉద్దేశం లేదు, పనిలో అలవాటు, అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. సరే, ముట్టుకోవడం అలవాటే. మరి ఆ వేలిని గబుక్కున చున్నీ మడతలో తుడుచుకోవడం? అది కూడా అలవాటేనా?

కాపలా ఆయన బొమ్మ మీద వేలి మరక చూశాడు. ఇద్దరినీ చేతులు చూపించమన్నాడు. నావి శుభ్రంగా ఉన్నాయి. తన గోళ్లు నీలం. చిత్రకారిణి వచ్చి రిజ్వానా వేళ్లవైపే చూస్తూ నిలబడింది. బయటికి పొమ్మన్నారు. మాట నా నాలుక మీదే ఉంది. బయటికి రాలేదు.

బస్సులో రిజ్వానా అడిగింది.

"అక్కా, నేను ముట్టలే. నువ్వన్న నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న. ఊకో ఇగ."

"నువ్వొక్కదానివే నమ్మినవ్," అని నా భుజం మీద తల పెట్టుకుంది.

అబద్ధమైతే ఆడలేదు కదా అనుకున్నాను. అవును, తను ముట్టలేదని నా అంత గట్టిగా నమ్మగలిగే మనిషి లోకంలో ఇంకెవరుంటారు? ఆ తల బరువు ఇప్పటికీ ఈ భుజం మీదే ఉంది. నా మీద నాకే అసహ్యం.

మళ్లీ తను ఏ ప్రదర్శనకూ రాలేదు. నేను మానలేదు. సిగ్గు లేకుండా వెళుతూనే ఉన్నాను, చేతులు వెనక్కి కట్టుకుని. సోమవారం టిఫిన్ డబ్బాలు విప్పగానే, "ఏం బొమ్మలు చూసినవ్ అక్కా, జెర మంచిగ చెప్పు," అంటుంది. చెబుతాను. కళ్లు మూసుకుని వింటుంది. నిజం చెబితే ఇక నా పక్కన కూర్చోదేమో, ఏ బొమ్మ గురించీ అడగదేమో. ఆ భయంతోనే ఇన్నాళ్లూ గడిపాను.

రేపు సోమవారం. తను అడుగుతుంది. నాకు నోరు పెగులుతుందో లేదో తెలియదు. మీకైతే చెప్పేశాను. ముట్టింది నేను.