క్లారీ టీకా తీర్మానం

మా క్లారీ పాస్కోకి మీటింగు పెట్టనిదే ముద్ద దిగదు. వాలరూ బౌల్స్ క్లబ్బుకి ముప్ఫై ఏళ్ళుగా వాడే కార్యదర్శి. పచ్చిక మీద బంతి దొర్లించడం ఇప్పటికీ సరిగ్గా రాదు గానీ, తీర్మానాలు పెట్టడంలో వాణ్ణి మించినవాడు దక్షిణ ఆస్ట్రేలియా మొత్తంలో లేడు. మాంసం కూరిన కజ్జికాయలాంటి పేస్టీ కోసం బేకరీకి వెళ్ళినా అదే తంతు.

"పేస్టీ మీద టమాటా సాసు వేయించుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?"

"నేనే బలపరుస్తాను, ముందు లైను కదలనీ మహానుభావా!" అంటుంది కౌంటర్లో బెవ్. అదీ పుస్తకంలో రాసుకుంటాడు. వాడి పెళ్ళిలో పాస్టరు "ఎవరికైనా అభ్యంతరమా?" అంటే, "ఓటింగు పెడదామా?" అన్నాడట. పెళ్ళికూతురు చెయ్యెత్తింది కాబట్టి గండం గడిచింది.

పోయినేడు మా ఊరి బడిపిల్లలకి ఆటలమ్మ పోసింది. వాళ్ళని బస్సులో తిప్పేది నేనే. యాభై ఆరేళ్ళొచ్చినా నాకు ఆటలమ్మ రానేలేదని రక్తపరీక్షలో తేలింది. ఆపైన మా అమ్మాయి టెగన్‌కి ఐదో నెల. అల్లుడు వారాల తరబడి గనిలోనే ఉంటాడు కాబట్టి, రెండు నెలల్లో మా ఇంటికొస్తోంది. దానికీ ఆటలమ్మ రాలేదు, కడుపుతో ఉండగా టీకా వేయరు. నా వల్ల దానికి అంటుకుంటే? టీకా నేనే వేయించుకోవాలి. కానీ రక్తం తీసినప్పుడే నేను కళ్ళు తిరిగి పడ్డాను. రక్తపరీక్ష సంగతీ టెగన్ సంగతీ క్లారీతో చెప్పాను గానీ, ఆరడుగుల మనిషిని, సూదంటే భయమని ఎవరితో చెప్పుకోను!

ఆ శుక్రవారమే క్లారీ క్లబ్బులో బల్ల చరిచాడు.

"సభ్యులారా! నాకు ఆటలమ్మ రాలేదు. టీకా వేయించుకోవాలా వద్దా, సభ తేల్చాలి."

"డాక్టరు తేలుస్తాడు, సభ దేనికిరా?" అని అందరూ గోల.

"డాక్టరు బలపరుస్తాడు. ప్రతిపాదన ఎవరో ఒకరు పెట్టాలిగా!"

క్లినిక్కు నర్సు జాయ్‌లీన్‌ని కూడా పిలిపించాడు. ఆవిడ చేతిలో కేకుముక్క పెట్టి ప్రశ్నలు మొదలెట్టాడు.

"పెద్దాళ్ళకొస్తే?"

"పిల్లలకన్నా గట్టిగా పట్టుకుంటుంది. నిమ్ము దాకా పోవచ్చు."

"ఎన్ని సూదులు?"

"రెండు. నెల ఎడంతో."

"ఇంట్లో గర్భిణి ఉంటే?"

"మరీ మంచిది, వేయించుకో. ఒకవేళ నీకు పొక్కులు లేస్తే, తగ్గేదాకా ఆమెకి దూరంగా ఉండు."

"నీ ఇంట్లో గర్భిణి ఎవరోయ్, కుక్కా?" అన్నారెవరో. క్లబ్బంతా పగలబడి నవ్వింది.

"సూదికి కళ్ళు తిరిగేవాళ్ళ సంగతేంటి?"

"పడుకోబెట్టి వేస్తాను."

నాకు నవ్వు రాలేదు. అవన్నీ నేను అడగలేక మింగిన ప్రశ్నలే.

"ఒక్కణ్ణీ వెళ్ళలేను. డెస్ కూడా నాతో వచ్చి వేయించుకోవాలని సవరణ!" అంటూ నా చెయ్యి వాడే పైకెత్తాడు. తీర్మానం నెగ్గింది.

సోమవారం క్లినిక్కులో ముందు నన్నే పడుకోబెట్టారు. క్లారీ పక్కన కూర్చుని, గడ్డికోత మిషను మరమ్మతు మీద జరిగిన మీటింగు వివరాలు చదవడం మొదలెట్టాడు. ఆ విసుగులో సూది ఎప్పుడు దిగిందో కూడా తెలీలేదు.

"ఇక నీ వంతు," అన్నాను లేస్తూ.

వాడు టోపీ తీశాడు. నుదుటి మీద చిన్న గుంటమచ్చ.

"నాకు ఆరో ఏటే వచ్చింది. అమ్మ గోక్కోవద్దంటే గోక్కున్నాను."

"మరి ఆ మీటింగెందుకురా దొంగవెధవా?"

"క్లినిక్కు మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. నీ బస్సు మూడ్రోజులు వచ్చి ఆగింది. నువ్వు దిగకుండానే వెళ్ళిపోయావు. నేనడిగితే ఒప్పుకునేవాడివా?"

వాణ్ణి బేకరీకి లాక్కెళ్ళాను. పేస్టీ కొనిపెట్టాను. సాసు సంగతి వాణ్ణి అడగకుండా నేనే వేయించాను.

నెల తర్వాత రెండో సూదికీ వాడే తోడొచ్చి, క్లబ్బు గెలిచిన కప్పుల బీరువా తాళం పోయిన మీటింగు చదివాడు. వేసవి మొదట్లో టెగన్ బుజ్జిదాన్నెత్తుకుని క్లబ్బుకొచ్చింది. క్లారీ బల్ల చరిచాడు.

"ఈ పాపని సభ్యురాలిగా చేర్చుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?"

ఈసారి ఎవరూ నా చెయ్యి ఎత్తక్కర్లేకపోయింది. రెండు చేతులూ నేనే ఎత్తేశాను.

"రెండు ఓట్లు చెల్లవు డెస్," అన్నాడు వాడు, రెండూ రాసుకుంటూ.