ఇరవై అడుగుల వైరు మాస్టారు

చక్రం కనిపెట్టినవాడికి లోకం ఇచ్చిన గౌరవంలో వీసమెత్తయినా, వైరు చుట్టే పద్ధతి కనిపెట్టినవాడికి దక్కలేదు. రాజ్యాలు ఎలా కూలాయో సంపుటాలకు సంపుటాలు రాసిన పెద్దలు, గిటారు వైరును ఒక చుట్టు పైనుంచి, మరుచుట్టు కిందనుంచి వేస్తే అది ఎన్నేళ్ళయినా మెలిపడదన్న సంగతిని ఒక్క వాక్యంలో కూడా నమోదు చెయ్యలేదు. ఆ లోటు పూడ్చే బాధ్యత వైరు మాస్టారి మీద పడింది. పద్దెనిమిదేళ్ళుగా, ప్రతి కార్యక్రమం చివర, జనం కుర్చీల్లోంచి లేవకముందే ఆయన వేదిక మీద బాసింపట్టు వేసుకుని తన ఇరవై అడుగుల నల్ల వైరును చుట్టేవారు. ఆ సమయంలో ఆయనతో మాట్లాడకూడదు. ఒకసారి భార్య సాయం చేద్దామని రెండో కొస పట్టుకుంది. ఆ తప్పు మళ్ళీ జరగలేదు.

మామూలు రోజుల్లో మాస్టారు ఒక వాద్యాల దుకాణం వెనకగదిలో తెగిన తీగలు మారుస్తారు, విరిగిన మెడలు అతికిస్తారు. మెడలంటే గిటార్లవే. సెలవు రోజుల్లో ఒక వాద్యబృందంలో లీడు గిటారు ఆయనది. ఫ్యాక్టరీల వార్షికోత్సవాలు, కాలేజీల వీడ్కోలు సభలు, ఆఫీసుల పదవీ విరమణలు వాళ్ళ రాజ్యం. ప్రతి కార్యక్రమంలోనూ చివరి పాటకు ముందు ఒక సోలో ఉంటుంది. మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి, మాస్టారు ఒక్కరే ముందుకొచ్చి మూడు నిమిషాలు వాయిస్తారు. తక్కిన జీవితాన్నంతా ఆయన ఆ మూడు నిమిషాల కోసమే భరిస్తున్నారు. ఈ సంగతి భార్యకు కూడా తెలుసు. ఆవిడ ఏమీ అనుకోదు, ఆ మూడు నిమిషాలైనా ఆయన సణుగుడు ఉండదు కదా అని.

బృందంలో రెండో గిటారు ఆయన తోడల్లుడిది, అంటే మరదలి మొగుడిది. ఆయనకంటే పదేళ్ళు చిన్నవాడు, బీమా ఆఫీసులో పని. గిటారు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా అతనికి మాస్టారే నేర్పారు. అతను ఆయన్ని అన్నయ్యా అంటాడు, ఈయన అతన్ని తమ్ముడూ అంటారు. అంతా సవ్యంగానే సాగుతుండగా ఒకరోజు ఆ తమ్ముడు జేబులోంచి అగ్గిపెట్టెలంత ఉన్న రెండు నల్ల డబ్బాలు తీసి, ఒకటి గిటారుకూ ఒకటి స్పీకరు పెట్టెకూ తగిలించాడు. మధ్యలో వైరు లేదు. గిటారు మోగింది. ఏకు మేకైంది.

ఆ రోజు ఒక కాలేజీ వీడ్కోలు సభలో తమ్ముడు వేదిక దిగి కుర్చీల మధ్యకు వెళ్ళిపోయాడు. జనం లేచి నిలబడ్డారు. ఒక ముసలాయన అతని భుజం తట్టాడు. మాస్టారు వేదిక మీదే నిలబడి, ఎంతమంది ఫోన్లు ఎత్తారో లెక్కపెట్టారు. ముప్ఫై నాలుగు. తన సోలోకు తొమ్మిది. అందులో ఒకడు టైము చూసుకుంటున్నాడు.

మర్నాడు మరదలు పంపిన వీడియోను భార్య తెచ్చి చూపించింది. అందులో తమ్ముడు వరసల మధ్య పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. వీడియో చివర్లో భార్య ఉత్సాహంగా తెర మీద వేలు పెట్టి, "ఇదిగోనండీ, మీరూ ఉన్నారు," అంది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఆయన ఎడమ మోచెయ్యి ఉంది.

ఇక అత్తగారు. ఆవిడకు సంగీతం గురించి ఏమీ తెలియదు, కాబట్టి అభిప్రాయాలకు కొదవ లేదు. ఫోన్లో పెద్దకూతురితో మాట్లాడుతూ, మాస్టారికి వినబడేటంత గట్టిగా అంది: "చిన్నల్లుడు అంత చక్కగా జనంలో కలిసిపోయి వాయిస్తుంటే, పెద్దాయనేమిటే, గుంజకు కట్టేసిన దూడలా అక్కడక్కడే తిరుగుతాడు?"

పుండు మీద కారం పడింది. కానీ తనకు పట్టుకున్నది ఈర్ష్య అని మాస్టారు ఒక్క క్షణం కూడా అనుకోలేదు. శబ్దశాస్త్రం అనుకున్నారు. గాలిలో వచ్చే స్వరం పలచబడుతుందనీ, వైరులో వచ్చే స్వరానికి ఒళ్ళుంటుందనీ కనబడ్డవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టారు. పాలవాడికి కూడా చెప్పారు. పాలవాడు ఒళ్ళూ పలచనా అన్న మాటలు తన పాల గురించే అనుకుని, నీళ్ళు కలపలేదని ఒట్టేశాడు.

శాస్త్రం సంగతి అలా ఉండగా, ఒక మధ్యాహ్నం దుకాణం యజమాని భోజనానికి వెళ్ళిన వేళ, మాస్టారు అద్దాల బీరువాలోంచి సరిగ్గా అలాంటి డబ్బాలే తీశారు. అటూ ఇటూ చూసి ఒకటి గిటారుకూ ఒకటి స్పీకరు పెట్టెకూ తగిలించి, వాయిస్తూ దుకాణంలో నడిచారు. కౌంటరు దాటారు, డ్రమ్ముల వరస దాటారు. వీధి గుమ్మం ఇంకా రెండడుగులు ఉందనగా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూసుకుంటే స్పీకరు పెట్టె సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆపడానికి అక్కడ ఏదీ లేదు. ఆయన మాత్రం ముందుకు అడుగు వెయ్యలేకపోయారు. డబ్బాలను యథాస్థానంలో పెట్టేసి, స్వరం పలచగానే ఉందని గోడకు చెప్పారు.

ఆ వారమే బృందం యజమాని పిడుగులాంటి మాట అన్నాడు. యజమానంటే డ్రమ్ములు వాయించే పెద్దాయనే. వచ్చే ఆదివారం ఫ్యాక్టరీ వార్షికోత్సవం నుంచి సోలో తమ్ముడికిద్దామన్నాడు. ఎందుకని అడిగితే, అతను తిరుగుతూ వాయిస్తాడు, బాగుంటుంది అని మాత్రం చెప్పి నీళ్ళు నమిలాడు. తమ్ముడు వెంటనే, అన్నయ్య ఉండగా తనకెందుకని చేతులు అడ్డం పెట్టాడు. ఆ వినయమే మాస్టారికి కంట్లో కారంలా తగిలింది. గర్వించి ఉంటే హాయిగా తిట్టుకునేవారు.

మాస్టారు పరీక్ష పెట్టమన్నారు. కళ్ళు మూసుకుని, ఏది వైరో ఏది గాలో పదికి ఏడుసార్లయినా తప్పకుండా చెప్పేస్తాననీ, చెప్పలేకపోతే సోలో వదులుకుంటాననీ ప్రకటించారు. రిహార్సలు షెడ్డులో స్పీకరు పెట్టెలు గోడలా పేర్చారు. వాటి వెనక, తమ్ముడి గిటారు పట్టుకుని, బృందానికి మైకుసెట్టు చూసుకునే ఆయన కూర్చున్నాడు. ఆయనకు వచ్చిందల్లా మూడు తీగలు మీటడం. పరీక్షకు అది చాలు. సైగలు చేశాడన్న నింద రాకూడదని తమ్ముడు తనంతట తానే టీలు తేవడానికి వెళ్ళిపోయాడు.

మాస్టారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఒక్కొక్క స్వరానికీ, నాడి పట్టుకున్న వైద్యుడిలా తల పంకించి తీర్పు చెప్పారు. "ఇది వైరు. ఊపిరుంది." "ఇది గాలి. చూడండి, అంచులు అరిగిపోయాయి." ఆరు వైర్లు, నాలుగు గాలులు. మైకుసెట్టు ఆయన పెట్టెల వెనకనుంచి లేచి, పదికి ఎనిమిది సరిపోయాయన్నాడు. టీలతో తిరిగొచ్చిన తమ్ముడు అన్నయ్య చెవులకు దండం పెట్టాలన్నాడు. మాస్టారు ఆ టీ తాగుతున్నంతసేపూ, ఓడినవాడి మొహంలో కాస్తయినా మంట కనబడుతుందేమోనని కప్పు అంచు మీదుగా వెతికారు. కనబడలేదు. గెలుపు సగం రుచి అక్కడే పోయింది.

ఆదివారం ఫ్యాక్టరీ ఆవరణలో కుర్చీలు వేస్తున్నారు. మైకుసెట్టు ఆయన మాస్టారిని పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, మనసులో పెట్టుకోలేక చెబుతున్నాను. ఆ రోజు పదిసార్లూ వైర్‌లెస్సే."

"అదేమిటి? మార్చలేదూ?"

"మీ తమ్ముడి గిటారు సాకెట్టు వదులుగా ఉంది. పదిసార్లు వైరు పెట్టి తీస్తే ఊడి చేతికొస్తుందని ఊరుకున్నాను."

"మరి ఎనిమిదెందుకన్నావు?"

"పది అంటే ఎవరూ నమ్మరు. నాలుగంటే మీరు ఊరుకోరు."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా వెళ్ళి వేదిక వెనక మెట్ల మీద కూర్చున్నారు. ఈ మైకుసెట్టు ఆయన ఇవాళ తనకు చెప్పాడంటే రేపు తమ్ముడికి చెబుతాడు. తమ్ముడు మరదలికి, మరదలు అత్తగారికి. అప్పుడు సోలో పోతుంది, ఊపిరి, అంచులు అని తాను అన్న మాటలు మాత్రం కుటుంబంలో తరతరాలు మిగులుతాయి. లాక్కునేలోగా ఇచ్చేస్తే కనీసం దాత అన్న పేరైనా దక్కుతుంది. ఆయన కళ్ళు తుడుచుకుని, మొహం మీద త్యాగం పులుముకుని, డ్రమ్ముల పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. సోలో తమ్ముడికే ఇచ్చెయ్యండి, కొత్త తరం రావాలి అన్నారు.

పెద్దాయన డ్రమ్ము మర బిగిస్తూ తలెత్తలేదు.

"నువ్వు వాయించు, మీ తమ్ముడు వాయించనీ. నాకు రెండూ ఒకటేనయ్యా. ఆ టైములో నేనిక్కడ ఉంటేగా."

"అంటే?"

"ఆ సోలో పెట్టిందే నేను బాత్రూముకు వెళ్ళొచ్చేటందుకు. పద్దెనిమిదేళ్ళ కిందట మూడు నిమిషాలు చాలేవి. ఇప్పుడు చాలట్లేదు. మీ తమ్ముడైతే చివరి వరస దాకా తిరిగొస్తాడు, అయిదు నిమిషాలు పడుతుంది. ఈ మాట అందరి ముందూ ఎలా చెప్పను?"

మాస్టారికి, పద్దెనిమిదేళ్ళలో ఈయన ఒక్కసారైనా విన్నాడా అని అడగాలనిపించింది. అడిగింది మాత్రం వేరే.

"నేనే అయిదు నిమిషాలు వాయిస్తే?"

"వాయించు. వద్దన్నదెవరు?"

సాయంత్రం చివరి పాటకు ముందు అందరూ ఆగారు. తమ్ముడు తన డబ్బా మీట ఆపేసి, చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. మాస్టారు ముందుకొచ్చి తన సోలో బాణీని రెండుసార్లు వాయించారు. డ్రమ్ముల వెనక కుర్చీ ఇంకా ఖాళీగానే ఉండడం చూసి, మూడోసారి కూడా ఎత్తుకున్నారు. సోలో ఆరు నిమిషాలు సాగింది. ఆ ఫ్యాక్టరీలో బాత్రూము సైకిలు షెడ్డుకు అవతల ఉంది.