ఎర్రగా మిగిలిన ఒక్క వీధి

నీటి సరఫరా కార్యాలయంలో ఆమెను అందరూ పటాలమ్మ అంటారు. పట్టణంలోని వీధులన్నింటినీ కంప్యూటరులో గీతలుగా గీసి ఉంచడం ఆమె ఉద్యోగం. మనిషి నెమ్మది, మాట మెత్తన. పినతండ్రి ప్రస్తావన వస్తే మాత్రం ఆ మెత్తని మాటకు ముళ్లు మొలుస్తాయి.

ఆ పినతండ్రి అదే కార్యాలయంలో వాల్వులు తిప్పే ఉద్యోగి. వెనక వీధిలోని ఆయన ఇంటికీ వీళ్ల ఇంటికీ మధ్యనున్న పెరటిగోడ విషయమై మాటామాటా పెరిగిన నాటినుండి వీళ్ల వీధి కుళాయిలు సన్నగిల్లాయి. అడిగితే, "గొట్టం పాతదమ్మా, నేనేం చేసేది?" అని నవ్వేవాడు. వేసవిలో ట్యాంకరు దగ్గరనుండి బిందె మోస్తూ ఆమె తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. ఇంట్లో చేతికర్ర చప్పుడైనప్పుడల్లా పటాలమ్మ పళ్లు నూరేది. ఆయనను నలుగురిలో తలవంచుకునేలా చేయనిదే తనకు నిద్ర పట్టదనుకున్నది.

ఆ అవకాశాన్ని పై అధికారే ఇచ్చాడు.

"ఏ వీధికి నీళ్లు చాలడం లేదో రంగుల్లో చూపించండి. కావాలని వీధిని ఎండబెట్టినవాణ్ణి ఊరి బయటి పంపుకు కాపలా వేస్తాను."

ఉచితంగా దొరికే మ్యాపు సాఫ్ట్‌వేరులో ఆమె వీధుల గీతలున్న లేయరు తెరిచింది. వీధి మీటర్లలో నమోదైన నీటి లెక్కల పట్టికను అందులోకి తెచ్చి, రెండింటిలోనూ ఉన్న వీధి సంఖ్య ఆధారంగా జాయిన్ చేసి కలిపింది. నీళ్లు చాలని వీధులకు ఎరుపు, చాలినవాటికి ఆకుపచ్చ. పినతండ్రి చూసే వీధులన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

"దొరికావు బాబాయీ!" అన్నది తెరవైపు చూసి.

పక్క బల్ల టైపిస్టు తొంగిచూసింది. "ఇదేమిటే, మా వీధి కూడా ఎర్రగా ఉంది? సాయంత్రమైతే మా తొట్టి పొంగి గుమ్మం దాటుతుంటే!"

పటాలమ్మ నవ్వు ఆగిపోయింది. పట్టికలో ప్రతి వీధికీ రెండు వరుసలున్నాయి: ఉదయానికొకటి, సాయంత్రానికొకటి. జాయిన్ మొదట కనబడిన ఉదయపు వరుసను తెచ్చుకుని రెండవదానిని వదిలివేసింది. పినతండ్రి వీధులకు ఉదయం కొద్దిగా, సాయంత్రం దండిగా వదలడం పద్ధతి. మిగతా ఊరికి పెద్ద వంతు ఉదయమే.

"నేనేం చూడలేదులే, అధికారికి ఇలాగే ఇచ్చెయ్. ఆ పీడ విరగడవుతుంది," అన్నది టైపిస్టు.

"ఇచ్చేస్తాననుకో. రేపెవరైనా మీ తొట్టి చూస్తే? 'అమాయకుణ్ణి, అన్యాయం చేశారు' అని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. ఆ మాట ఆయనకు దక్కనివ్వను."

జాలితో అన్న మాట కాదది. ఆమె రెండు పూటల నీటినీ కూడి, వీధికి ఒకే వరుస ఉండేటట్లు కొత్త పట్టిక చేసి, పాత జాయిన్ తీసివేసి మళ్లీ కలిపింది. ఎరుపంతా పచ్చబడింది, ఒక్క గీత తప్ప. అది వీళ్ల వీధి.

అధికారి పినతండ్రిని పిలిపించాడు.

"గొట్టం పాతదండీ..."

"పక్క వీధిదీ అదే గొట్టం. అక్కడ తొట్లు పొంగుతున్నాయి. దీనికేం రోగం?"

ఒక్క వీధే కదా అని అధికారి కాపలా మాట ఎత్తకపోవడంతో పటాలమ్మ ముఖం మాడిపోయింది.

"రేపటినుండి వీధి చివరి ఇంటివాళ్లు చాలు అనేదాకా వాల్వు కట్టెయ్యకూడదు. మీరే వెళ్లి అడగాలి," అన్నాడు అధికారి.

చివరి ఇల్లు ఎవరిదో అధికారికి తెలియదు. పటాలమ్మ చెప్పలేదు.

మరునాడు పినతండ్రి వీధి పొడవునా నడిచి వచ్చి పటాలమ్మ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇరుగుపొరుగువారు పనులు మాని చూస్తున్నారు.

"వదినా, నిండాయా?"

"ఇంకా గంగాళం ఉంది మరిదిగారూ. కాస్త నిలబడండి," అన్నది తల్లి, కుర్చీలోనుండి కదలకుండా.

పటాలమ్మ నిండిన బిందెను ఎత్తి, ఆయన చూస్తుండగానే పూలమొక్కలకు నింపాదిగా పోసి, ఖాళీ బిందెను మళ్లీ కుళాయి కింద పెట్టింది.