పెళ్లికొడుకు పిడికిట్లో కత్తి

సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో ఎండ ఎంతటిదంటే, ఒకసారి నా నీడ తారురోడ్డుకు అంటుకుపోతే గీకి తీసి క్యాంపుకు తెచ్చుకున్నాను. ఇలాంటివి నేను చాలా చెబుతాను. ఏసీలు బాగుచేయడం నా ఉద్యోగం, కథలల్లడం నా కాలక్షేపం. కాని ఇప్పుడు చెప్పేదాంట్లో అల్లిక లేదు. 

మా బామ్మర్దికి ఊళ్లో పెళ్లి కుదిరింది. వాడు మా క్యాంపుకు దగ్గర్లోనే ఒక అరబ్బు తోటలో పని చేస్తాడు. నాకంటే అరబ్బీ బాగా వచ్చు. సెలవు దొరికింది, రియాద్ నుంచి విమానం. నేనే కంపెనీ పికప్‌లో దింపుతానన్నాను. బయలుదేరేముందు మా అత్త వాడికి ఫోన్ చేసింది.

"లగ్గం రాసుకున్నం బిడ్డా. ఇగ నువ్వు పెండ్లి పిలగానివి. చేతుల ఇనుము లేకుంట గడప దాటకు. అసలే ఎడారి తొవ్వ."

పెళ్లికొడుకు చేతిలో చిన్న కత్తి, దాని మొనకు నిమ్మకాయ. గాలీ ధూళీ సోకకుండా మా వైపు అలా పట్టుకుంటారు. ఊళ్లో అయితే ఆ కత్తితో బస్టాండులో నిలబడినా ఎవరూ తల తిప్పి చూడరు. వాడు తోటలో తాళ్లు కోసే మడత కత్తి తీశాడు. నిమ్మకాయకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి మొనకు గుచ్చాడు. దస్తీలో చుట్టి పిడికిట్లో పట్టుకుని బండెక్కాడు.

"పెట్టెల పెట్టురా," అన్నాను.

"పెట్టెల పెడితే పెట్టెకు కాపుంటది బావా. నాకేముంటది?"

నా సామాన్ల పెట్టెలో కేబుల్ కోసే కత్తులు ఎప్పుడూ ఉంటాయి. డ్యూటీ బట్టలు, కంపెనీ బండి చూసి వాటి గురించి ఎవరూ అడగలేదు. అదే కత్తి జేబులో పెట్టుకుని ఊరికే బజారుకు పోతే సంగతి వేరని మా ఫోర్మన్ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. కత్తి చిన్నదా పెద్దదా అని కాదట, నీ దగ్గర ఎందుకుంది అని అడుగుతారట. జవాబు వాళ్లకు నచ్చకపోతే లోపల కూర్చోబెడతారు, తర్వాత ఇంటికి పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. ఇదంతా తెలిసీ బండి తీశాను. అత్త మాట కాదంటే ఇంట్లో నాకు వేరే చెక్‌పోస్టు ఉంటుంది. పైగా నోరు ఊరుకోదు కదా, ఈ రోడ్డు మీద తల లేని ఒంటె లిఫ్ట్ అడుగుతుందని వాడికి చెప్పాను. వాడు పిడికిలి ఇంకా బిగించాడు.

చెక్‌పోస్టులో కార్లన్నీ ఆగకుండా పోతున్నాయి. మమ్మల్ని మాత్రం బండి పక్కకు తీసి దిగమన్నారు. పోలీసాయన మా ఇఖామాలు, అంటే ఇక్కడి గుర్తింపు కార్డులు, తీసుకుని, వాడి పిడికిలి వైపు చూశాడు. తెరవమన్నాడు.

వాడు దస్తీ విప్పాడు.

కత్తి ఒక్కటే అయితే ఒక గండం. బొట్లు పెట్టిన నిమ్మకాయ గుచ్చిన కత్తి ఇంకో గండం, మొదటిదానికన్నా పెద్దది. ఈ దేశంలో చేతబడి, తాయెత్తు అంటే కేసు పెడతారు. అది తేలేలోపు వాడి విమానం పోతుంది, లగ్గం పోతుంది, పందిట్లో ఆ పిల్ల ఒక్కతే కూర్చుంటుంది. ఇక వాడు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. దయ్యాల కోసం పట్టుకున్నానని చెబితే? దయ్యానికి వాళ్ల మాట జిన్ను, అది ఆయనకు తర్జుమా చేయక్కర్లేదు.

"ఏమిటిది?" అన్నాడు పోలీసాయన అరబ్బీలో.

"బావా, ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇడుస్తడు," అన్నాడు వీడు తెలుగులో.

"ఉన్నదంత చెప్తే ఇద్దర్నీ బొక్కల ఏస్తడు. జిన్ను పేరెత్తినవంటే నీ అక్క మీద ఒట్టు!"

ఇన్నేళ్లుగా క్యాంపును రాత్రి దాకా కూర్చోబెట్టిన నాకు, ఆ ఎండలో ఒక్క కథ తట్టలేదు. వీడు గొంతు సవరించుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"అరీస్," అన్నాడు, తనను చూపించుకుంటూ. పెళ్లికొడుకునని. "మా అమ్మ పట్టుకోమంది. మా ఊరి పద్ధతి."

అంతే చెప్పి ఆగాడు. ఆయన కత్తిని తిప్పి చూశాడు. తనది దక్షిణాన నజ్రాన్ అన్నాడు. అక్కడ పెళ్లికి నడుముకు కత్తి కడతారట. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన గొంతు మారింది. "అది పెళ్లిలో, మనవాళ్ల మధ్య. ఇది రోడ్డు. మరి ఈ నిమ్మకాయ?"

వీడు నా వైపు చూశాడు. ఇక నా వంతు.

"బండిల వాంతులైతయి సార్ వీడికి," అన్నాను వచ్చీరాని అరబ్బీలో, కడుపు పట్టుకుని చూపిస్తూ. "వాసన చూస్తడు."

నా జీవితంలో ఇంత చిన్న అబద్ధం ఎన్నడూ ఆడలేదు. ఇంత భయపడుతూ కూడా ఆడలేదు. పసుపేమిటని అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు. నిమ్మకాయ ఊడదీసి వీడి చేతిలో పెట్టి, ఇఖామాలూ కత్తీ తీసుకుని గదిలోకి పోయాడు.

ఎంతసేపయిందో చెప్పలేను. వీడు నిమ్మకాయ వాసన చూస్తూ నిలబడ్డాడు, నా మాట నిలబెట్టడానికి. నేను పక్కనున్న పోలీసు బండి వెనక తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని చూస్తున్నాను.

ఆయన ఇఖామాలతో మాత్రమే బయటికి వచ్చాడు. కత్తి అక్కడే ఉంటుందన్నాడు. పనికోసమైతే సామాన్ల పెట్టెలో పెట్టుకోవాలి, ఇంకోసారి చేతిలో కనిపిస్తే మాటలుండవన్నాడు. పొమ్మన్నాడు.

బండెక్కి తాళంచెవిని రెండుసార్లు తలకిందులుగా పెట్టాను. వాడే దిగి ఇటు వచ్చి తాళం తిప్పాడు.

కాస్త దూరం పోయాక, "బావా, చేతుల ఇనుము లేదు," అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ. సీటుబెల్టు బకిల్ గట్టిగా పట్టుకోమన్నాను. రియాద్ దాకా అలాగే పట్టుకున్నాడు. వెనక ఏ బండి దగ్గరికి వచ్చినా నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

ఎయిర్‌పోర్టులో బకిల్ వదలనంటాడు. సామాన్ల పెట్టె తీసి వెతికాను. స్పానర్ ఇస్తే మళ్లీ అదే కథ. చివరికి కంప్రెసర్ బిగించే నట్టు ఒకటి చేతిలో పెట్టాను. "ఇది ఇనుమే. ఎవడన్న అడిగితే నట్టు అను. ఇంక ఒక్క మాట అనకు."

వాడు లోపలికి పోయాడు. నేను పార్కింగులో కూర్చుని, ఆ నట్టును ఎవరో వేళ్ల మధ్య తిప్పి చూడడం, వీడు నోరు తెరవడం పదేపదే ఊహించుకున్నాను. చివరికి ఫోన్ మోగింది.

"నట్టు చెకింగు తట్టల ఏసిన బావా. చూసి ఇచ్చిండ్రు. లోపలికొచ్చిన."

"ఏమన్న అడిగిండ్రా?"

"లే."

అప్పుడు బండి స్టార్ట్ చేశాను.